మూడో గడి

బ్రాడీపేటలో జిరాక్స్ తీయించిన కాగితం, రెండే గళ్ళు.
ఎడమ పక్క జపాను మాట, ఇంగ్లీషు అక్షరాల్లో.
కుడి పక్క దాని అర్థం, అదీ ఇంగ్లీషే.
సరుకు చూట్టానికి అక్కణ్ణించి మనుషులొస్తున్నారని
మేనేజరు నా చేతిలో పెట్టాడు:
"సామ్రాజ్యంగారూ, పదిహేను రోజులు, నలభై మాటలు."

గ్రేడింగు గదిలో పంతొమ్మిదేళ్ళు నావి.
తొడిమ తడిమితే చాలు,
తేజానో మూడు ముప్పై నాలుగో
కళ్ళు మూసుకుని చెబుతాను.
ఇంగ్లీషు మాత్రం ఇంటర్లో ఆగిపోయింది.
అంచేత ప్రతి మాటా రెండు బళ్ళు మారాలి.
జపాను నుంచి ఇంగ్లీషుకొచ్చి, అక్కడ దిగి,
మూట నెత్తినెత్తుకుని తెలుగుకి.

మొదటి రాత్రే పేచీ.
అత్సుయి అంటే హాట్.
కరై అంటే హాట్.
అచ్చుతప్పేమో అనుకున్నా.
గుంటూరులో పుట్టినదానికి
వేడీ కారమూ ఒకటేనంటే నాలుక ఒప్పుకుంటుందా?
ఊదితే వేడి పోతుంది.
ఊదితే కారం ఇంకా రేగుతుంది.

సముయి, కోల్డ్. త్సుమెతాయ్, అదీ కోల్డే.
మరి చలి నాకు గదా వేసేది,
చల్లగా ఉండేది కుండలో నీళ్ళు గదా.
అనె అంటే సిస్టర్. ఇమోతో అన్నా సిస్టరే.
మా అక్క రత్తమ్మ వింటే ఊరుకునేదేనా,
నలభయ్యారేళ్ళు నా మీద పెత్తనం చేసింది ఊరికేనా?

పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే తట్టింది.
అటు రెండు రకాలు, ఇటూ రెండు రకాలు.
మధ్యలో కమీషను కొట్టు
రెండూ ఒక్క రాశిగా పోసి ఒకటే చీటీ రాసింది.
కలిపేసిన సరుకు విడదీయడమేగా
పంతొమ్మిదేళ్ళుగా నేను తినే కూడు!

తిట్టడం లేదు ఇంగ్లీషుని.
అది లేకపోతే ఈ కాగితమే లేదు నాకు.
మధ్యలో మనిషి లేనిదే టిక్కీ కదలదని
యార్డులో కుక్కక్కూడా తెలుసు.
కానీ గోతాం మూతి విప్పి
ఓ గుప్పెడు తీసి చూసుకోవాలా వద్దా?

మా మనవడి స్కేలు పెట్టి
ఎర్ర పెన్నుతో మూడో గడి గీశాను.
కారం. వేడి. చలి. చల్లన. అక్క. చెల్లి.
నలభై నిండాక ఓ సరదా పుట్టి
నా పేరుకీ ఇంగ్లీషర్థం వెతికాను: ఎంపైర్.
ఆ రోజు దొడ్లో బట్టలారేస్తూ ఎంత నవ్వానో.

వచ్చింది ఒక పిట్టంత మనిషి, తెల్ల గ్లవ్సులు.
వద్దంటున్నా వినకుండా తేజా కొరికింది.
ముక్కు ఎర్రబడింది, కళ్ళమ్మట నీళ్ళు.
ఇంగ్లీషు కుర్రాడు నోరు తెరిచేలోపు
"కరై?" అన్నాను.
"కరై! కరై!" అంది నా మోచెయ్యి పట్టుకుని.
ఆ కాసేపూ హాటనే మాట
గది బయట చెప్పులు విప్పుకుని నిలబడ్డట్టుంది.

ఒక్క వరస మాత్రం తేలలేదు. ముప్పై ఒకటోది.
ఇత్తె కిమాసు. అర్థం, ఐయామ్ లీవింగ్.
అయితే పన్నెండో వరసలో కిమాసు అంటే రావడమని ఉంది.
పోతున్నానని చెప్పే మాటలో
రావడానికేం పని?
వాళ్ళు కారెక్కి వెళ్ళాక కూడా అదే నలుగుడు,
పంపు కింద మోచేతుల మంట కడుక్కుంటూ.

గేటు దగ్గర వాచ్‌మన్ జక్రయ్య బీడీ చాటు చేశాడు.
రోజూ అన్నట్టే అన్నాను, చూడకుండానే,
"వెళ్ళొస్తా బాబాయ్."

కాలు రోడ్డు మీద అలాగే ఆగింది.

వెళ్ళి. వస్తా.

సంచీలోంచి కాగితం తీసి
గేటు స్తంభానికి ఆనించి
ముప్పై ఒకటో వరసలో రాసుకుంటున్నాను.
ముప్పై రెండోది దానికి జవాబట, అదింకా చదవలేదు.
వెనక నుంచి జక్రయ్య దగ్గుతూ,
"వెళ్ళి రామ్మా."